ఖాళీ సీస

కోరుట్లలో అబ్దుల్ రహీం ఇంట్లో చిన్న సీస ఏదీ చెత్తబుట్ట ముఖం చూడదు. దగ్గు మందుది కావచ్చు, చెవిలో వేసే చుక్కలది కావచ్చు, మూత సరిగ్గా బిగిస్తే చాలు, కడిగి ఎండబెట్టి అల్మారాలోని బిస్కెట్ల డబ్బాలో వేయాల్సిందే. ఇది ఆయన తల్లి సర్వర్ బీ పెట్టిన ఆనవాయితీ. ఆమె భర్త బతికున్నన్నాళ్ళూ జాతర జాతరకూ తిరిగి అత్తరు అమ్మాడు. ఆయన పోయి ఇరవై ఏళ్ళయినా, తెలిసినవాళ్ళ ఇంట్లో నిఖా జరిగినా, ఎవరైనా పోయి మయ్యత్ లేచినా సర్వర్ బీ తన చేత్తో నింపిన అత్తరు సీస ఒకటైనా ఆ గడపకు వెళ్ళి తీరాలి. అందుకు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోదు. కానీ సీసలు ఊరికే పుట్టవు కదా. అవి కొడుకు జేబులోంచే రావాలి.

ఆ కొడుకు ఫ్రిజ్ మెకానిక్. కోరుట్లలో సగం ఫ్రిజ్‌లు ఆయన చేతి చలవతోనే నడుస్తున్నాయని చెప్పుకుంటారు. సగమంటే మరీ ఎక్కువనుకుంటే పావు వంతు అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు. రహీంకు పనిలో రెండు పట్టింపులున్నాయి. ఒకటి, మరమ్మతు అయ్యాక ఫ్రిజ్‌ను లోపలా బయటా తుడిచి, అడుగున పేరుకున్న మంచును గీకి, ఎండిన నిమ్మకాయలూ ఖాళీ డబ్బాలూ ఏరి పారేస్తే గానీ తలుపు మూయడు. రెండు, మూడో రోజు ఎవరూ పిలవకుండానే వచ్చి, చల్లదనం నిలిచిందో లేదో చూసి వెళతాడు. ముప్పై ఏళ్ళలో ఒకరింటి స్క్రూ కూడా జేబులో వేసుకున్నవాడు కాదు. ఖాళీ సీస మాటంటారా, అది ఎలాగూ పారేసేదే. పారేసేదాన్ని తీసుకుంటే తప్పేముంది? ఆయన అలాగే అనుకున్నాడు, అక్కడే దెబ్బ తిన్నాడు.

మే నెలలో ఒక సోమవారం పొద్దున ఆయన బిడ్డ ఉజ్మా ఫోన్ చేసింది. ఉజ్మా జగిత్యాలలో రాజమణి మేడం నడిపే చిన్న పరిశోధనశాలలో పనిచేస్తుంది. చదువైపోయాక హైదరాబాద్ పోకుండా రోజూ బస్సులో వెళ్ళి రాగలిగే దూరంలో తన చదువుకు తగ్గ పని దొరకడం ఆ ఇంట్లో పెద్ద పండుగే అయింది. "అబ్బా, మా ఫ్రీజర్ బందైంది. కంపెనీవాళ్ళు వారమైతే గాని రారట. మేడంకు మీ పేరు చెప్పిన" అంది. బిడ్డ పనిచేసే చోటికి మెకానిక్‌గా వెళ్ళడం! రహీం ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ బయల్దేరాడు. సర్వర్ బీ అది చూసి, "ఫ్రిజ్ బాగుచేయనీకి పోతున్నవా, పిల్లను చూడనీకి పోతున్నవా" అని నవ్వింది.

ఫ్రీజర్ రోగం పెద్దదేమీ కాదు. రిలే కాలిపోయింది, వెనక కాయిల్ నిండా దుమ్ము. ఆయన వచ్చేసరికే ఉజ్మా లోపలి డబ్బాలన్నీ థర్మకోల్ పెట్టెలో మంచు మధ్య సర్దేసింది. కాసేపు దగ్గరే నిలబడి, మేడం పిలిస్తే మీదికి వెళ్ళింది. రహీం రిలే మార్చాడు, దుమ్ము దులిపాడు, కంప్రెసర్ గుర్రుమని మొదలవగానే తృప్తిగా చెవి దగ్గర పెట్టి విన్నాడు. ఆ తర్వాత తన అలవాటు ప్రకారం అడుగు అర బయటికి లాగి చెక్కగరిటెతో మంచు గీకడం మొదలుపెట్టాడు.

ఆ మంచులో ఒక సీస దొరికింది. చిటికెన వేలిలో సగం ఉంటుంది, నీలం మూత. వెలుతురుకు పెట్టి చూశాడు. తలకిందులు చేశాడు. గోటితో కొట్టాడు. లోపల చుక్క లేదు, పొడి లేదు, మరక కూడా లేదు. చుట్టూ అంటించిన కాగితం తడిసి అక్షరాలు చెదిరాయి గానీ, 'హ్యూమన్' అన్న ఇంగ్లీషు మాట ఒకటి కూడబలుక్కున్నాడు. ఎవరికో ఇచ్చిన మందు, వాడేసి పడేశారు అనుకున్నాడు. తల్లికి ఇలాంటి సన్నసీసలంటే ప్రాణం. నవ్వుకుంటూ జేబులో వేసుకున్నాడు.

మరుసటి రోజు సాయంత్రం ఉజ్మా ఇంటికి వచ్చి, తలనొప్పి అని చెప్పి అన్నం తినకుండా పడుకుంది. ఎండదెబ్బేమో అనుకున్నారు.

మూడో రోజు బుధవారం. రహీం తన పట్టింపు ప్రకారం జగిత్యాల వెళ్ళాడు. బండి వెనకవైపు నీడలో పెడుతుంటే, గోడ పక్క చెత్తగుంటలో ఒక మనిషి వంగి కనిపించింది. ల్యాబ్ ఊడ్చి తుడిచే భూమవ్వ. సారంగాపూర్ నుంచి రోజూ ఆటోలో వస్తుంది. రహీం కంటే నాలుగైదేళ్ళు పెద్దది. మొన్న ఆయన పని చేస్తుంటే చాయ్ తెచ్చిచ్చిన మనిషి ఈమే. ఇప్పుడు కొంగు నడుముకు చుట్టి, మిట్టమధ్యాహ్నం ఎండలో, కాగితాలూ ప్లాస్టిక్ సంచులూ ఒక్కొక్కటే విప్పి, దులిపి, పక్కన పేరుస్తోంది. మోచేతుల దాకా బూడిద.

"ఏం దేవులాడుతున్నవ్ అక్కా, గీ ఎండల?"

భూమవ్వ తలెత్తి చూసింది. "సీస తమ్మీ. గింతంత సీస. నీలం మూత ఉంటదట."

రహీం చేయి తనంతట తానే జేబు మీదికి పోయింది. జేబులో ఏమీ లేదు.

"ఫ్రీజర్ల పెట్టిందట. నిన్న దీస్తే లేదు. ఉంటే నేనే ఊడ్చుకపోయి ఉంటనన్నరు. ఖాళీ సీస లెక్కనే కనబడుతదట గని అండ్ల సామాను ఉంటదట. నాకేం ఎరుక తమ్మీ. చూసిన యాదికి లేదు. యాదికి లేదంటే చెయ్యలేదని గాదు గద. కండ్లు గూడ సరింగ ఆనుతలేవ్ గావచ్చు. ఐతారం కండ్ల డాక్టర్‌కు చూపిచ్చుకుందామని చిట్టి రాయించుకున్న." నడుము దగ్గరి సంచి తట్టి చూపించింది. "ఆఫీసు చూసే సతీశ్ సారు ఒకటో తారీఖు సంది రావద్దన్నడు. గప్పటిలోపల దొరికితే ఉండుమంటడేమో."

"ఎన్ని రోజులసంది చూస్తున్నవ్?"

"నిన్నటిసంది. సగం అయింది. శుక్రారం మున్సిపాలిటీ ట్రాక్టర్ అస్తది, గా లోపల అయిపోవాలె." మళ్ళీ వంగింది.

చెప్పాలి, అప్పుడే చెప్పేయాలి. నోరు తెరిచాడు కూడా. కానీ ముప్పై ఏళ్ళలో ఎన్నడూ రాని మాట ఒకటి అడ్డం పడింది. మెకానిక్ సీస ఎత్తుకుపోయాడు. ఉజ్మా వాళ్ళ నాయన ఎత్తుకుపోయాడు. ఆ మాట ఈ గోడల మధ్య ఎలా తిరుగుతుందో ఆయనకు తెలుసు. రహీంకు భయం వేసింది. "దొరుకుతది తీ అక్కా" అని, ఆ మాట అన్నందుకు తన మీద తనకే అసహ్యమేసి, లోపలికి వెళ్ళాడు.

ఉజ్మా కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఇంట్లో తండ్రీబిడ్డలు ఉర్దూ మాట్లాడుకుంటారు గానీ, ల్యాబ్‌లో పదిమందికీ అర్థం కావాలని తెలుగే. ఆయన ఫ్రీజర్ తలుపు తెరిచి, చల్లదనం చూస్తున్నట్టు నటిస్తూ, "బయట భూమక్క ఏందో దేవులాడుతుంది. అండ్ల ఏముండె బేటీ?" అన్నాడు.

ఉజ్మాకు ఎవరితోనైనా చెప్పుకోవాలనే ఉంది. "ఒక ప్రోటీన్ అబ్బా. మనొంట్ల కాపలోళ్ళు ఉంటరనుకో. రోగమొస్తే కొట్లాడుతరు. ఒక్కోపారి రోగం పోయినా కొట్లాట ఆపరు, ఇంటోళ్ళనే కొడుతరు. దాదీ వేళ్ళు వంకర్లు పోయినయ్ గద, గది గట్ల అయిందే. వాళ్ళకు 'ఇగ సాలు, ఆగుండ్రి' అని చెప్పే ప్రోటీన్ మనొంట్లనే తయారైతది. గా సీసల ఉన్నది గదే."

"మనిషి నుంచి తీసిన్రా?"

"కాదు. మనిషిది ఎట్లుంటదో అచ్చం గట్లనే సూక్ష్మజీవులతోని చేపిస్తరు. మందు గాదు, మనుషులకు ఇయ్యరు. పరీక్షలకే. మన పసుపు సారం గూడ గా కాపలోళ్ళను ఆపుతదా అని మేం చూస్తున్నం గద. ఎంత ఆపుతదో తెల్వాలంటే పక్కన తూకంరాయి ఉండాలె. గీ ప్రోటీనే మా తూకంరాయి. ఈ వారం కోసమని కణాలు పెంచి పెట్టుకున్న. ఇంకోటి తెప్పియ్యాలంటే ఆరు వారాలు."

"మరి ఖాళీ సీస అంటున్నరు?"

"ఖాళీగ కనబడుతది. ఖాళీ కాదు. ఒక్క చక్కెర పలుకును యాభై ముక్కలు చేస్తే అండ్ల ఒక్క ముక్కంత ఉంటది అబ్బా. ఎండబెట్టి పంపుతరు, సీస గోడకు అంటుకొని ఉంటది. ఎవ్వరి కంటికీ ఆనది."

రహీం ఫ్రీజర్‌లోకే చూస్తూ అడిగాడు. "బయట ఉంటే పాడైతదా?"

"ఎండబెట్టిందే గద, రెండు మూడు రోజులు బయట ఉన్నా ఫికర్ లేదు. మూత తీయొద్దు, నీళ్ళు తగలొద్దు. గంతే."

ఆ గంతే అన్న మాట పట్టుకుని రహీం బయటపడ్డాడు. బండి ఎక్కి కోరుట్ల దాకా ఆగలేదు. తల్లి ఒక్కోసారి సీసలను వారం దాకా కడగదు. కీళ్ళు పట్టేసిన రోజున అసలే ముట్టుకోదు. నిన్నంతా చేతులు నొప్పులని మూలిగింది కూడా. యా అల్లా, అమ్మీ చేతులు ఇంకొక్క రోజు నొయ్యనీ అని దారిపొడుగునా వేడుకున్నాడు. ఏ కొడుకూ కోరకూడని కోరిక కోరుతున్నానని మధ్యలో ఎక్కడో తట్టింది. అయినా ఆపలేదు.

సర్వర్ బీ కిటికీ దగ్గర కూర్చుని తస్బీ పూసలు తిప్పుతోంది. ఆయన చెప్పులు కూడా విడవకుండా, "అమ్మీ, సోమారం తెచ్చిన సీస ఏది? నీలం మూతది" అని అడిగాడు.

"గదా? అదే రోజు కడిగిన." ఆమె గొంతులో గర్వం వినబడింది. "ఊరికె కడుగుతనా? మూడుసార్లు మసిలే నీళ్ళల్ల వేసిన. కాగితం గీకిన. ఎండకు పెట్టిన. చేతులు గుంజుతున్నా మంచి సీసని కడిగిన రహీమూ. మజ్మూవా అత్తరు నింపిన. నిన్న మజర్ అచ్చిండు గద, సానియా నిఖాకు పన్నెండు సీసలల్ల కలిపి పంపిన."

రహీం గడప మీదే కూలబడ్డాడు. తల్లి కంగారుపడి ఏమైందంటే, ఉన్నదంతా చెప్పాడు. ఆమె విన్నంతసేపూ వంకర వేళ్ళ మధ్య తస్బీ కదలలేదు. విన్నాక ఒకటే అడిగింది. "గా ఊడ్చే ఆమె ఇంకా చెత్తల్నే దేవులాడుతుందా?"

"ఆ."

"నువ్వు చూసి అచ్చినవా?"

సర్వర్ బీ ముఖం పక్కకు తిప్పుకుంది. కొడుకు యాభై ఏళ్ళవాడైనా సరే, ఆమె కొట్టిందంటే అలాగే కొడుతుంది, చెయ్యి ఎత్తకుండా.

మధ్యాహ్నం నమాజు కాగానే రహీం సిరిసిల్ల దారి పట్టాడు. సీసలో ఉన్నది పోయిందని తెలుసు. అయినా సీస కావాలి. వట్టి చేతులతో వెళ్ళి నేనే తీశానంటే, భూమవ్వ మీద జాలితో అంటున్నాడనుకోవచ్చు. ఆ ఆఫీసు సతీశ్ అసలే నమ్మడు. చేతిలో సీస ఉంటే ఇక ఎవరూ ఏమీ అనలేరు.

మజర్ సర్వర్ బీ చెల్లెలి కొడుకు, సిరిసిల్లలో నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. సాంచాల షెడ్డులో మాట వినబడదు. అక్కడ అందరూ పెదవులు చూసి అర్థం చేసుకుంటారు, చేతులతో బదులిస్తారు. రహీం బొటనవేలూ చూపుడువేలూ దగ్గర చేసి సీస కొలత చూపించాడు. మజర్ నవ్వి, పెండ్లికి ఇంకా సీసలు తెచ్చావా అన్నట్టు చేతులు చాపాడు. రహీం తల అడ్డంగా ఊపి, వెనక్కి కావాలని సైగ చేశాడు. ఇచ్చిన కానుకను వెనక్కి అడగడం మాటల్లోనే కష్టం. చేతులతో అడిగితే ఇంకా సిగ్గుగా ఉంటుంది. మజర్ నవ్వు ఆగిపోయింది. సాంచ ఆపి బయటికి నడిచాడు.

"ఏమైంది భాయ్? ఖాలా ఏమన్న నారాజ్ అయిందా?"

"లేదు. నా వల్ల ఒక గల్తీ అయింది. గా నీలం మూతది నాకు కావాలె. బదులు రెండు తెచ్చిన."

ఇంట్లోంచి మజర్ బిడ్డ, పెండ్లికూతురు సానియా ఆ సీసతో వచ్చింది. పన్నెండింటిలో అదే అందంగా ఉందని దాన్ని తనకోసం దాచుకుందట. మూత తీయలేదు. "నిఖా నాడు తీద్దామనుకున్న చాచా" అంది. రహీం దాన్ని రుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. సోమవారం అదే జేబులో అదే సీస ఎంత తేలిగ్గా ఉందో గుర్తొచ్చింది.

సాయంత్రం ఉజ్మా బస్సు దిగేసరికి తండ్రి స్టాండులో ఉన్నాడు. ఇంటికి తీసుకుపోయాక చెబుదామనుకున్నాడు గానీ, ఆ పిల్ల నడకలో నీరసం చూసి ఆగలేకపోయాడు. చాయ్ హోటల్ పక్క బెంచీ మీద కూర్చోబెట్టి రుమాలు విప్పాడు.

ఉజ్మా సీస తీసుకుని, కాగితం గీకిన చోట వేలితో రాసి చూసింది. కోపంతో ముక్కు ఎర్రబడింది. "దాదీ మసలబెట్టింది గదా" అంది చివరికి. ఆయన తలూపాడు. "తెలుసు నాకు. దాదీ కడగకుండ ఎట్లుంటది." కళ్ళు తుడుచుకుంది. "నేనే లెక్క చూసుకోలే అబ్బా. డబ్బాలు జరిపేటప్పుడు జారి పడ్డట్టుంది. మళ్ళ లెక్కపెట్టాలె. మీరు ఉన్నరని ధీమాగ మీదికి పోయిన."

"రేపు పొద్దుగాల మేడంకు చెప్పుత."

ఉజ్మా చటుక్కున తలెత్తింది. ఇప్పుడు ఉర్దూలో, గొంతు తగ్గించి మాట్లాడింది. చెప్పొద్దంది. చెబితే సీస ఎట్లాగూ తిరిగి రాదంది. "భూమవ్వకు ఇంకేడన్న ఊడ్చే పని దొరుకుతది. నాకు గిట్లాంటి పని జగిత్యాల చుట్టుపక్కల ఇంకోటి లేదు. రేపటిసంది నన్ను చూస్తే అందరికీ మీరే యాదికస్తరు. నేను గా ఫ్రీజర్ దగ్గర నిలబడ్డప్పుడల్ల నా జేబు దిక్కు చూస్తరు."

అన్నదాంట్లో అబద్ధం లేదు. రహీంకు ఆ మాటలు ఒక్కొక్కటీ గుచ్చుకున్నాయి. ఈ పిల్ల చదువు కోసం ఎన్ని ఎండాకాలాలు కప్పుల మీది ఏసీలు మోశాడో ఆయనకూ గుర్తుంది. తను నోరు మూసుకుంటే బిడ్డ బతుకు చల్లగా ఉంటుంది. కాసేపు నిజంగానే మూసుకుందామా అనుకున్నాడు. చాయ్ చల్లారింది.

"ఉజ్మా, ఆమె చెత్తగుంటల ఎట్లా దేవులాడుతుందో చూసినవా?"

"నిన్న కొద్దిసేపు చూసింది. దొరకలేదంది."

"కొద్దిసేపు కాదు. రెండు రోజులసంది. వట్టి చేతులతోని. ఇయ్యాల మధ్యాహ్నం గూడ అండ్లనే ఉన్నది."

ఉజ్మాకు ఆ సంగతి తెలియదు. ల్యాబ్ కిటికీలు అటువైపు తెరుచుకోవు. ఆ పిల్ల రుమాలు అంచులు మడుస్తూ, విప్పుతూ కూర్చుంది. లేచేటప్పుడు, "పొద్దుగాల బస్సుకు పోను. మీ బండి మీదనే అస్త" అంది.

గురువారం తొమ్మిదింటికి రాజమణి మేడం గదిలో రహీం సీసను బల్ల మీద పెట్టాడు. చొక్కా ఇస్త్రీది కాదు, పనిలో వేసుకునేదే. తడబడకుండా చెప్పాడు. మంచులో దొరకడం, ఖాళీ అనుకోవడం, తల్లి కడగడం, అత్తరు నింపడం, నిన్న భూమవ్వను చూసి కూడా నోరు మెదపకుండా వెళ్ళడం. ఆ చివరిది చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. అయినా చెప్పాడు.

మేడం మూత తిప్పింది. మజ్మూవా గుప్పున గదినిండా పరుచుకుంది. మందుల వాసన తప్ప మరొకటి ఎరగని ఆ గది ఒక్క క్షణం పెండ్లి ఇల్లయింది. మేడం కోప్పడుతుందనుకుంది ఉజ్మా. ఆవిడ మాత్రం, "మసిలే నీళ్ళేనా?" అని అడిగింది.

"మూడుసార్లు మేడం."

"అయితే అయిపోయింది." మూత బిగించింది. "రహీం భాయ్, చూడగానే ఖాళీ అనిపించే వస్తువును ఖాళీ అనుకోవడం మీ తప్పు కాదు. అడక్కుండా తీసుకోవడం తప్పు. మేము లెక్క చూసుకోకపోవడం అంతకన్నా తప్పు." ఉజ్మా వైపు తిరిగింది. "రిపోర్టులో ఆలస్యానికి కారణం రాయాలి. డబ్బాలు మార్చాక లెక్క సరిచూసుకోలేదని రాస్తాను. నీ పేరుతోనే."

"రాయండి మేడం" అంది ఉజ్మా. తల దించలేదు. "ఈ వారం కణాలు పారేస్త. కొత్త సీస వచ్చినంక మళ్ళ మొదలుపెడత." నన్ను పనిలో ఉంచుతారా పంపుతారా అని ఆ పిల్ల అడగలేదు. మేడం కూడా ఆ మాట ఎత్తలేదు. రహీంకు మాత్రం ఆ సంగతి తేలకుండానే మిగిలిపోయింది.

"ఇంకొక్కటి మేడం" అన్నాడు. "భూమక్కను పిలువుండ్రి. ఆమెకు నేనే చెప్పాలె."

భూమవ్వను పిలిపించారు. కాళ్ళు కడుక్కుని, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. గోళ్ళ సందుల్లో బూడిద ఇంకా ఉంది. గదిలో అందరి ముఖాలూ చూసి, తనను ఇవాళే పొమ్మంటారనుకుంది కాబోలు, "ఇంకా ఒక మూల మిగిలింది మేడం. పొద్దుగూకేలోపల చూస్త" అంది.

రహీం లేచి నిలబడ్డాడు. "అక్కా, సీస నువ్వు ఊడ్చలే. నేను తీసుకపోయిన. ఖాళీదనుకొని జేబుల వేసుకున్న. నిన్న నీ ముంగటికెళ్ళి పోయిన, అప్పుడు నాకు ఎరుకే. భయానికి చెప్పలే. నీ మీద పడ్డ తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యి."

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు కూడా. భూమవ్వ ఆయన ముఖం వైపు చూడనేలేదు. బల్ల మీది నీలం మూతనే చూస్తోంది. మెల్లగా దగ్గరికి వచ్చి, "ఇదేనా?" అని మేడంను అడిగింది. ఊ అనగానే రెండు వేళ్ళతో తీసి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. లోపల అత్తరు పచ్చగా మెరిసింది.

"ఇప్పుడు నిండింది తమ్మీ. గప్పుడు ఎట్లుండె?"

"ఏం లేకుండె అక్కా. వెలుతురుకు పెట్టి చూసిన. బోర్లించి చూసిన. ఏం కనబడలే."

"నీకు గూడ కనబడలేనా?"

"కనబడలే."

ఆమె ఉజ్మా వైపు తిరిగింది. "నీకు కనబడుతదా బిడ్డా?"

"లేదు అవ్వా. ఎవ్వరికీ కనబడది."

భూమవ్వ సీసను దించి బల్ల మీద ఎక్కడిది అక్కడే పెట్టింది. నడుము దగ్గరి సంచి విప్పి, నాలుగు మడతల చిట్టి తీసింది. ఆదివారం కండ్ల డాక్టర్‌కు చూపించుకోవడానికి రాయించుకున్న చిట్టి. దాన్ని ఒకసారి దూరంగా, ఒకసారి దగ్గరగా పెట్టి చూసుకుంది.

"అయితే నా కండ్లు మంచిగనే ఉన్నయ్" అంది. "నేనే గుడ్డిదాన్నయిన అనుకున్న తమ్మీ. రెండు రాత్రులు నా చేతులనే అడుక్కుంటున్న, మీరు ఏం పారేసిన్రే అని."

ఉజ్మా వెళ్ళి ఆమె చేయి పట్టుకుంది. భూమవ్వ ఆ చేతిని మెల్లగా విడిపించుకుని, చిట్టిని చించి, చుట్టూ చూసి, చెత్తబుట్టలో వేయబోయి ఆగింది.

"ఇది పారేయొచ్చా మేడం?" అని అడిగింది.